నాలుగు రొట్టెలకు లేచిన ల్యాప్‌టాప్

పోయిన ఏడాది నేను స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేశాను. కళ్లు ఒప్పుకోలేదు. ల్యాప్‌టాప్ స్క్రూలు ఆవగింజంత ఉంటాయి, కింద పడితే వెతకడానికి నాకంటే మా మనవరాలు నయం. నేను పని మానేశాను కానీ జనం అడగడం మానలేదు. ఆదోని బజారులో టీ తాగుతుంటే ఎవరో ఒకరు పక్కన చేరి అదే ప్రశ్న వేస్తారు.

"వీరేశన్నా, నా ల్యాప్‌టాప్ శానా స్లో అయింది. ఉండే దుడ్లకు ఒకటే వస్తాది. ర్యామ్ పెంచాల్నా, ఎస్ఎస్‌డీ ఏపియ్యాల్నా?"

ఈ ప్రశ్న వింటే నాకు ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. టీ చల్లారిపోతుంది, నేను చెబుతూనే ఉంటాను. మూలుగుతూ పడి ఉన్న మిషను మన చేతిలో చటుక్కున కళ్లు తెరిచే క్షణం ఉంది చూశారూ, అందులో ఉన్న సంబరం నాకు పెళ్లిలో కూడా కలగలేదు. ఈ మాట మా ఇంట్లో చదవరన్న ధైర్యంతో రాస్తున్నాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు నేను చెప్పగలిగేది పెద్దగా ఏమీ లేదు. స్క్రూలు విప్పడం ఫోన్లో వీడియో చూసి నేర్చుకోవచ్చు. విప్పే ముందు ఏం చేయాలో మాత్రం నేను ఒక తప్పు చేసి నేర్చుకున్నాను. ఆ తప్పుకు ఒక అమ్మాయి ఉద్యోగం పోబోయింది. అందుకే అది దాచుకోకుండా రాస్తున్నాను.

ముందు మనిషిని ఇను

నాకు పని నేర్పింది ఖాదర్ సాబ్. రేడియోలతో మొదలుపెట్టి, టీవీలు దాటి, కంప్యూటర్ల దాకా వచ్చిన మనిషి. కోపం ముక్కు మీదే ఉండేది. తప్పు నాది కాకపోయినా నన్నే తిట్టేవాడు, అది అన్యాయమేనని ఈ రోజుకీ అంటాను. కానీ ఆయనకో పద్ధతి ఉండేది. మిషను తెచ్చినవాడిని కూర్చోబెట్టి, "నువ్వు దినామూ సేసే పని ఈడ సేసి సూపియ్యప్పా" అనేవాడు. అరగంటైనా సరే, చేతులు కట్టుకుని చూసేవాడు.

ఒకసారి పత్తి మార్కెట్‌లో కమిషన్ దుకాణం గుమాస్తా ఒకాయన వచ్చాడు. మిషను నత్తలా నడుస్తోంది, మెమరీ చాలడం లేదు, పెంచండి అన్నాడు. నేను అప్పుడే డబ్బాలోంచి ర్యామ్ తీశాను. ఖాదర్ సాబ్ నా చేయి పట్టుకుని ఆపి, గుమాస్తా వెంట దుకాణానికి నడిచాడు. నేనూ వెనకాలే పోయాను. చూస్తే ల్యాప్‌టాప్ పత్తి కూరిన బోరెం సంచి మీద పెట్టి ఉంది. ఆయన రోజూ దాని మీదే పెట్టుకుని పని చేసుకుంటాడట. మిషను లోపలి ఫ్యాను పొద్దస్తమానం దూది పీల్చుకుంటోంది. విప్పి చూస్తే వేడి పోయే దారంతా దూదితో మూసుకుపోయింది, దీపానికి వత్తులు చేసుకునేంత. వేడెక్కిన మిషను తనను తాను కాపాడుకోవడానికి నెమ్మదిగా నడుస్తోంది, అంతే.

ఖాదర్ సాబ్ నా వైపు తిరిగి, "దీనికి మెమరీ అక్కర్లేదు వీరేశా, ఒక సెక్క పీట కావాల. ముందు మనిషిని ఇను, ఆమైన మిషను ఇప్పు" అన్నాడు.

ఆ మాట నేను ఎంతోమందికి చెప్పాను. చెప్పడం వేరు, చేయడం వేరు. ఖాదర్ సాబ్ కాలం చేశాక కొట్టు నా చేతికొచ్చింది, గిరాకీ పెరిగింది, అరగంట కూర్చుని చూసే ఓపిక తగ్గిపోయింది.

ఎమ్మిగనూరులో తలకెక్కిన గెలుపు

గురువారం గురువారం నేను ఎమ్మిగనూరు పోయేవాణ్ణి. అక్కడ ఒక స్నేహితుడి జిరాక్సు కొట్టులో మూలకు ఒక బల్ల నాది. మగ్గాల ఊరు కదా, చీరల అంచులకు, కొంగులకు కంప్యూటర్‌లో డిజైన్లు గీసే నాగరాజు అనే అతను ఒక రోజు ల్యాప్‌టాప్ తెచ్చాడు. అంచు తెరిస్తే కొంగు తెరుచుకోదు, కొంగు తెరిస్తే మిషను బిగుసుకుపోతుంది. తిరునాళ్లకు ఇవ్వాల్సిన డిజైన్లు ఆగిపోయి ఉన్నాయి.

ఇక్కడ కొంచెం పాఠం చెప్పనివ్వండి. ర్యామ్ అంటే పని పరుచుకునే చోటు. డిస్కు అంటే సామాను దాచుకునే గది. చోటు చిన్నదైతే ఒకటి పరిచినప్పుడల్లా ఇంకొకటి తీసి లోపల పెట్టి రావాలి. పాత డిస్కులో చక్రం తిరుగుతూ ఉంటుంది, దాని మీద ఒక సూది తడుముకుంటూ వెతుకుతుంది. ఎస్ఎస్‌డీలో తిరిగేది లేదు, తడుముకునేది లేదు. అడిగిందే తడవు ఇచ్చేస్తుంది.

నాగరాజుకు కావలసింది చోటు. ర్యామ్ రెట్టింపు చేశాను. అంచు, కొంగు, చీర ఒళ్లు మూడూ ఒకేసారి తెర మీద పరుచుకున్నాయి. అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అన్నా, ఇది నా మిషనేనా?" అన్నాడు.

అంతే, నా తలకు కొమ్ములొచ్చాయి. ఆ తర్వాత ఎవరు మిషను తెచ్చినా మెమరీ ఎంత నిండిందో చూపించే పట్టీ తెరవడం, అది నిండుగా కనబడితే ర్యామ్ వేసేయడం. చాలాసార్లు సరిపోయేది కూడా. సరిపోతూ ఉండడం వల్లే నేను చెడ్డాను.

మార్తమ్మ చెప్పింది

అలాంటి ఒక గురువారం తల్లీకూతుళ్లు వచ్చారు. తల్లి మార్తమ్మ, కూతురు సలోమి. నందవరం దాటాక ఆటోలో పోవాల్సిన పల్లె. మార్తమ్మది కూలి పని, పొలాలకు నీళ్లు కట్టడం, కలుపు తీయడం. సలోమి డిగ్రీ చదివింది. ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం ఒకటి దొరికింది. హైదరాబాదులో ఒక కంపెనీ. నా పార్సిల్ ఎక్కడుంది, ఎందుకు రాలేదు అని అడిగేవాళ్లకు టైపు చేసి జవాబివ్వాలి. కానీ ముందు ఆదివారాలు పోను పది రోజులు పరీక్ష. పని మధ్యలో లైనులోంచి పడిపోతే ఐదు నిమిషాల్లో తిరిగి రావాలి. అట్లా రాలేకపోవడం ఐదుసార్లు అయిందంటే ఇక ఇంటికే. సోమవారం నుంచి మొదలు.

"ఈ పని గిన రాకుంటే సుగ్గికి తోడుకోని పోవాల అన్నా పిల్లని" అంది మార్తమ్మ. సుగ్గి అంటే మా వైపు మిరప కోతలకు గుంటూరు దిక్కు వలస పోవడం. మూటలు కట్టుకుని లారీ ఎక్కితే మళ్లీ ఊరు చూసేది నెలల తర్వాతే. సలోమి తల దించుకుంది. ఏం పోతుందో, ఏం మిగులుతుందో ఆ ముఖంలోనే కనబడింది.

ల్యాప్‌టాప్ ఆదోనిలో కొన్న సెకండ్ హ్యాండుది. పాత డిస్కు. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, చార్జరు పెడితేనే నడుస్తుంది. ఆ మోడల్‌కు అసలు బ్యాటరీలు దొరకడం లేదు. నకిలీది వేస్తే నెల తిరక్కుండా ఉబ్బుతుంది, నేను వేయను.

"ఏమైతాదమ్మా?" అని సలోమిని అడిగాను.

"హ్యాంగయి ఆగిపోతాదన్నా. మల్ల ఆన్ సేసుకోవాల."

"ఎన్ని ట్యాబులు తెరుస్తావు?"

"కంపెనీవే నాలుగైదు ఉండాయన్నా."

నాకు చాలు. పట్టీ తెరిచాను. మెమరీ నిండుకుండలా ఉంది. ర్యామ్ డబ్బా మీద చేయి పడింది.

మార్తమ్మ అప్పుడే మాట కలిపింది. "అది ఆన్ అయి పనికొచ్చేలోగా నేను నాలుగు రొట్టెలు కాల్చి దింపుతాను అన్నా. అంత సేపు."

నేను నవ్వాను. జిరాక్సు కొట్టులో ఉన్నవాళ్లూ నవ్వారు. "అవ్వ టైము బాగా చూసింది" అని ఎవరో అన్నారు. మార్తమ్మ కూడా మాతో కలిసి నవ్వింది. చదువుకున్న పిల్ల చెప్పింది రాసుకున్నాను, రొట్టెలు కాల్చే తల్లి చెప్పింది గాలికి వదిలేశాను.

ర్యామ్ వేశాను. ట్యాబులన్నీ తెరిచి చూపించాను. గడగడా నడిచింది. కొట్టులో యూపీఎస్ ఉంది, కరెంటు కదలదు, నడవక ఏం చేస్తుంది? సలోమి సంతోషంగా పోయింది. నేను ఇంకా సంతోషంగా టీ చెప్పాను.

నాలుగు తప్పులు

మరుసటి వారం దాటి, ఆ పై సోమవారం సాయంత్రం ఫోను మోగింది.

"అన్నా, నేను సలోమిని. నాలుగు తూర్లు అయిపోయింది. ఇంగొక్క తూరి అయితే సీటు పోతాది. ఇంగా మూడు దినాలుండాయి."

"ర్యామ్ రెట్టింపు చేసినాను కదమ్మా. నువ్వే ఏదో తప్పుగా చేస్తున్నావేమో."

ఇలా అన్నాను. నిజంగానే అన్నాను. పిల్లలారా, మన పనిలో ఇంతకంటే నీచమైన మాట లేదు. మిషను మనం బాగు చేశామంటే బాగైనట్టే, తప్పు వాడేవాడిదే అనుకోవడం. సలోమి ఎదురు చెప్పలేదు. "సరేలేన్నా" అంది.

ఆ 'సరేలేన్నా' నన్ను నిలవనివ్వలేదు. సంచిలో సామానంతా వేసుకున్నాను, వాడతానో లేదో తెలియని ఎస్ఎస్‌డీతో సహా. తెల్లారి మొదటి బస్సు ఎక్కి ఎమ్మిగనూరు, అక్కడి నుంచి నందవరం, ఆటోలో పల్లె. ఏడున్నరకల్లా వాళ్ల గడపలో ఉన్నాను.

మార్తమ్మ పొయ్యి దగ్గర జొన్నపిండి కలుపుతోంది. నన్ను చూసి బిత్తరపోయింది. "ఇంత దూరం వచ్చినావా? కూకోన్నా" అని మంచం వాల్చింది.

ఎన్నో ఏళ్ల తర్వాత ఖాదర్ సాబ్ పద్ధతి చేశాను. "సలోమీ, నువ్వు రోజూ ఎలా చేస్తావో అలా చెయ్యమ్మా. నేను ఊరికే చూస్తా."

ఆమె ఫోను నుంచి ఇంటర్నెట్టు పెట్టుకుంది, మిషను తెరిచింది, ట్యాబులు తెరిచింది. అన్నీ బాగానే ఉన్నాయి. పైన ఫ్యాను తిరుగుతోంది. నేను రాకుండా ఉంటే సరిపోయేదేమో అనుకున్నాను. ఎనిమిదైంది. తెర టక్కున నల్లబడింది.

"సూడన్నా, ఇట్లే. హ్యాంగయి ఆగిపోతాది."

నా చూపు చార్జరు మీద ఉంది. దాని చిన్న దీపం ఒక్కసారి ఆరి మళ్లీ వెలిగింది. పైన ఫ్యాను రవ్వంత మందగించిందేమో, ఆగనైనా లేదు. పగటిపూట ఇళ్లలో బల్బు వేయరు కాబట్టి ఎవరికీ తెలియదు.

"ఇది హ్యాంగ్ కాదమ్మా, కరెంటు" అన్నాను.

పొయ్యి దగ్గరి నుంచి మార్తమ్మ చాలా మామూలుగా అంది: "మోటర్ల కరెంటు గదన్నా. సేన్లకు ఇడిసేటప్పుడు, తీసేటప్పుడు ఇండ్లలో ఒక తూరి రెప్ప కొడతాది. దినామూ ఉండేదే."

బ్యాటరీ లేని మిషనుకు రెప్పపాటు కోత చాలు, చచ్చి ఊరుకుంటుంది. నేను బ్యాటరీ చచ్చిందని చూశాను, పాత డిస్కని చూశాను, పల్లె కరెంటు ఎలా ఉంటుందో తెలుసు. మూడూ నా కళ్ల ముందే ఉన్నా ఒకచోట పెట్టి చూడలేదు. నేను పల్లెలో పుట్టిన మనిషినే మరి.

సలోమి బటన్ నొక్కింది. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలైంది. మార్తమ్మ మొదటి రొట్టె తట్టి పెనం మీద వేసింది. తడి గుడ్డతో అద్దింది, తిప్పింది, పొంగింది, దింపింది. చుక్కలు తిరుగుతున్నాయి. రెండోది. తెర వచ్చింది కానీ బాణం గుర్తు కదలదు. మూడోది. డిస్కు లోపల కరకరమని వెతుక్కుంటోంది. ఐదు నిమిషాలు దాటి, నాలుగో రొట్టె గంపలో పడ్డాక ట్యాబు తెరుచుకుంది.

నాకు సిగ్గుతో చెవులు కాలాయి. రోగం ఏమిటో, ఎంతసేపో లెక్కగట్టి ఆ తల్లి మొదటి రోజే నా చేతిలో పెట్టింది. ర్యామ్ రెట్టింపు కాదు, పది రెట్లు చేసినా లేచే వేళలో పెద్ద తేడా రాదు. లేవడమంటే సామాను గదిలోంచి బయటికి తెచ్చుకోవడం, అది డిస్కు పని. ఆ పిల్ల బతుకు ట్యాబుల దగ్గర ఆగలేదు, లేవడం దగ్గర ఆగింది. యూపీఎస్ కొనాలంటే వాళ్ల దగ్గర డబ్బు లేదు, తెచ్చే వేళా లేదు.

పన్నెండున్నర దాకా

పదికి ఆమె పని మొదలు. అంతలోగా పాత డిస్కు తీసి, ఎస్ఎస్‌డీ పెట్టి, విండోస్ మొదటినుంచీ ఎక్కించాలి. మధ్యలో ఒక్కసారి కరెంటు రెప్ప కొట్టిందంటే మళ్లీ మొదటికే. నా సొంత ల్యాప్‌టాప్ ఉంటే దాని బ్యాటరీ మీద ఎక్కించేవాణ్ణి, కానీ అది ఆదోని కొట్టులో వేరే గిరాకీ పనిలో ఇరుక్కుని ఉంది, తేలేదు. చేతులు ఊరుకోవడం లేదు, ధైర్యం చాలడం లేదు.

ఈసారి అడగాల్సిన మనిషిని అడిగాను. "అమ్మా, మళ్లీ ఎప్పుడు పోతుంది?"

మార్తమ్మ చేతుల పిండి దులుపుకుంటూ ఆలోచించింది. "వారం వారం టయం మారుస్తారన్నా. ఈ వారం ఎనిమిదికి ఇడుస్తారు, పన్నెండున్నరకు తీస్తారు. నీళ్లు కట్టేదాన్ని, నాకు తెల్దా? నడిమిట్ల పోదు. ధైర్యంగా సేసుకో."

ఏ కరెంటు ఆఫీసుకు ఫోను చేసినా నాకు ఆ జవాబు దొరికేది కాదు. మిషను విప్పాను. పాత డిస్కు తీసి పక్కన పెట్టాను. నేను వేసిన ర్యామ్ కూడా తీసేశాను. తప్పు నాది, రెండింటికీ ఆమె దగ్గర డబ్బు తీసుకోకూడదు, ఆ ర్యామ్ బదులే ఈ ఎస్ఎస్‌డీ. ఒక విధంగా మొండితనం కూడా ఉంది, ఒప్పుకుంటాను. మెమరీ సగానికి తగ్గించినా ఈ మిషను నిలబడుతుందో లేదో నా కళ్లతో చూడాలి.

విండోస్ ఎక్కడం మొదలైంది. చార్జరు దీపం వైపే చూస్తూ కూర్చున్నాను. అది వెలుగుతూనే ఉంది. తొమ్మిదిన్నరకల్లా అన్నీ సర్దేశాను, పదికి సలోమి పనిలో కూర్చుంది. ట్యాబులు మారేటప్పుడు కొంచెం తడబడింది, అబద్ధం చెప్పను. ర్యామ్ తక్కువ కదా. కానీ ఆ తడబాటు క్షణమే, దానికి ఎవరి సీటూ పోదు.

పని అయిపోయింది, నేను వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. మార్తమ్మ కూడా ఆ రోజు కూలికి పోలేదు. "రొట్టె తిని పో అన్నా" అని మళ్లీ పొయ్యి వెలిగించింది. బయటికి చెప్పుకోలేదు కానీ ఇద్దరం పన్నెండున్నర కోసమే కూర్చున్నాం. కరెంటు ఎప్పుడు పోతుందా అని ఆశగా ఎదురుచూడడం నా జన్మలో అదే మొదలు.

పన్నెండున్నర అయింది. పోలేదు. సలోమి ఎవరికో జవాబు టైపు చేస్తూనే ఉంది. మార్తమ్మ పిండి ముద్ద తీసుకుని తట్టడం మొదలుపెట్టింది. ఐదు నిమిషాలు గడిచాయి. రొట్టె పెనం మీద పడింది. చార్జరు దీపం ఆరి వెలిగింది.

తెర నల్లబడింది. సలోమి నా వైపు చూడలేదు, తల్లి వైపు చూడలేదు. బటన్ నొక్కింది. చుక్కలు అలా తిరిగీ తిరగక ముందే తెర వెలిగింది. ఆమె వేళ్లు పరుగెత్తాయి. ట్యాబు తెరుచుకుంది. పార్సిల్ కోసం అడిగిన ఆ మనిషి ఇంకా లైనులోనే ఉన్నాడు.

"వచ్చినానమ్మా. వచ్చేసినా" అంది సలోమి. కళ్లు తుడుచుకోవడానికి కూడా ఆగకుండా టైపు చేసింది. నేను మంచం మీంచి ఎప్పుడు లేచానో తెలియదు, చంటిపిల్లాడిలా చప్పట్లు కొడుతున్నాను.

ఆ మూడు రోజులూ గడిచాయి. ఐదో తప్పు రాలేదు. ఆ ఏడు సుగ్గి లారీ ఆ ఇంటి ముందు ఆగకుండానే పోయింది. కాబట్టి ర్యామా, ఎస్ఎస్‌డీయా అని నన్ను అడిగితే నా జవాబు ఇదే: మిషను ఏ క్షణంలో ఆ మనిషిని ఏడిపిస్తోందో ముందు కనుక్కో. పని మధ్యలో ఊపిరాడకపోతే ర్యామ్. లేవడానికి, తెరవడానికి నీలుగుతుంటే ఎస్ఎస్‌డీ. ఇది కనుక్కోవడానికి వాళ్లింటికి పోవాల్సి వస్తే, బస్సు ఎక్కు.

అవన్నీ తర్వాత తట్టిన మాటలు. ఆ మధ్యాహ్నం మాత్రం చప్పట్లు ఆపి పొయ్యి వైపు తిరిగాను. పెనం మీద రొట్టె ఒక వైపే కాలుతోంది. మార్తమ్మ దాన్ని చూసింది, కూతురి తెరను చూసింది.

"రొట్టె ఇంగా తిప్పనే లేదు" అంది, తనకు తానే చెప్పుకున్నట్టు.

ఆ తర్వాత నా వైపు చూసింది. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. లెక్క సరిచూసుకునే మనిషి అడిగినట్టు అడిగింది.

"మొదటి దినమే సెప్పితి గదన్నా నీకు, నాలుగు రొట్టెలని?"

నేను నా పళ్లెం ముందుకు చాపాను. ఆమె రొట్టె తిప్పింది.